248 ఎవరి ఖాతాలోకి?

పడుకుందామని రెండుసార్లు దీపం ఆర్పి, రెండుసార్లూ లేచాను. ఇది రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

విషయం చిన్నదే. ఇవాళ చీకటి పడి రోష్ హషనా, అంటే యూదుల కొత్త సంవత్సరం పండగ, ముగిసిందో లేదో సఫ్తా పెద్దమ్మాయి నుంచి ఫోను. (సఫ్తా అంటే హీబ్రూలో అమ్మమ్మ, ఇక్కడ ఇజ్రాయెల్‌లో నేను చూసుకునే ముసలామె. ఆమె పెద్దమ్మాయికి అరవై రెండేళ్ళు.) "షనా తోవా" (కొత్త ఏడు శుభాకాంక్షలు) అన్న మాటకు నేను బదులు చెప్పేలోపే అడిగింది: "నిన్న రాత్రి 248 ఎలా వచ్చింది?"

సఫ్తా చేతికి అంటించిన సుగర్ సెన్సర్ లెక్కలన్నీ నా ఫోనుకు వస్తాయి, అక్కడి నుంచి పెద్దమ్మాయి ఫోనుకు వెళ్తాయి. పండగ నియమం ప్రకారం రోష్ హషనా రెండు రోజులూ ఆమె ఫోను ముట్టదు. అందుకని ఇవాళ తెరిచేసరికి రెండు రోజుల గీతా ఒక్కసారే కళ్ళబడింది. ఆ గీతలో రెండు కొండలున్నాయి. మొదటి రాత్రిది 261, రెండో రాత్రిది 248. మొదటి రాత్రి ఆమె, ఆమె భర్త, పిల్లలు, మనవలు, అందరూ ఈ బల్ల చుట్టూనే ఉన్నారు. రెండో రాత్రి వాళ్ళంతా ఆమె అత్తగారి వైపు వెళ్ళారు, నేనూ సఫ్తా మిగిలాం. ఆమె అడిగింది 248 గురించి. 261 ఊసే లేదు.

"ఇప్పుడు తగ్గింది, రేపు డాక్టరుకు చూపిస్తాను" అని పెట్టేశాను. అప్పటి నుంచి గిన్నెలు కడుగుతూ, బట్టలు మడుస్తూ ఆమెతో వాదిస్తూనే ఉన్నాను. నోటికి హీబ్రూలో రాని మాటలు తెలుగులో ఎంత ధారాళంగా వస్తున్నాయో.

మొదటి రాత్రి ఏం జరిగిందో చెప్తాను, మీరే తీర్పు చెప్పండి. ముందు ద్రాక్షసారా. పులిసి తీపి చచ్చిన రకం తాగితే నయమని క్లినిక్‌లో ఆహారం సంగతి చూసే ఆవిడ ఎప్పుడో చెప్పింది. సఫ్తాకు అది నాలుకకు ఆనదు, పానకంలాంటిదే కావాలి. తరువాత ఖల్లా రొట్టె. మామూలు శుక్రవారాల్లో జడలా అల్లి ఉంటుంది, ఈ పండక్కి మాత్రం గుండ్రంగా చుట్టి, ఎండు ద్రాక్ష దట్టించి చేస్తారు. తరువాత తేనెలో ముంచిన యాపిల్. తరువాత చేప. తరువాత త్సిమ్మెస్ అనే క్యారట్ కూర, బిళ్ళలుగా కోసి తేనెలో ఉడికించింది. యిడ్డిష్‌లో క్యారట్‌ను మెరెన్ అంటారట, ఆ మాటకే పెరగడమనే అర్థం కూడా ఉందట. ఏం పెరగాలని కోరుకుంటారో గాని, పెరిగేది మాత్రం నా ఫోనులో కనిపిస్తుంది. చివర తేనె కేకు, పెద్దమ్మాయి స్వయంగా చేసి తెచ్చింది.

ఆ బల్ల మీద పెద్దమ్మాయి కళ్ళు ఎక్కడున్నాయో తెలుసా? తేనె గిన్నె మీద. "అమ్మకు తేనె కొంచెమే, కొంచెమే" అని నాకు సైగలు. ఒక చెంచా తేనె ఏడు గ్రాములు, అందులో చక్కెర ఆరు గ్రాములకు కాస్త అటూ ఇటూ. సఫ్తా తిన్నది ఆ ఒక్క చెంచాడు. ఈ లోపల ఖల్లా మందపాటి ముక్కలు రెండు, ఎండు ద్రాక్షతో సహా, ఎవరి కంటా పడకుండా లోపలికి వెళ్ళిపోయాయి. ఆ రెండింటిలో తక్కువలో తక్కువ ముప్పై గ్రాముల పిండి పదార్థం ఉంటుంది. మీటరుకు తీపి ఏదో చప్పన ఏదో తెలియదు కదా. నేరమంతా తేనె మీదకు పోతుంది, రొట్టె మాత్రం పెద్దమనిషిలా మీసం తుడుచుకుని కూర్చుంటుంది.

మా అమ్మ కూడా ఇంతే. జగిత్యాలలో డాక్టరు ఆమెకు సుగర్ అని చెప్పిన రోజు నుంచి లడ్డూ ముట్టలేదు. చుట్టాల ముందు ఎంత గర్వంగా చెప్పుకుంటుందో. అన్నం మాత్రం గిన్నెడు. అడిగితే "అన్నం తీపా బిడ్డా?" అంటుంది.

చేప సంగతి కూడా చెప్పాలి. ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు సఫ్తా చేప ముద్దల్లో చక్కెర వేయమన్నప్పుడు నేను హీబ్రూ తప్పుగా విన్నానేమో అనుకున్నాను. కార్ప్ చేపను రుబ్బి ఉండలు చేసి, చల్లార్చి, ఒక్కొక్కదాని మీద ఒక క్యారట్ బిళ్ళ పెట్టాలి, అంతవరకు బాగుంది. అందులో చక్కెర ఏమిటి! సఫ్తా వాళ్ళమ్మది పోలండ్. 19వ శతాబ్దంలో అక్కడ బీట్ దుంపల నుంచి చక్కెర తీసే మిల్లులు వచ్చాక చక్కెర చవకై చేపలోకి కూడా వచ్చిందట. లిథువేనియా వైపు వాళ్ళు చక్కెర వేయరు, మిరియాలు వేస్తారు. సఫ్తా భర్త అటువైపు మనిషి. యాభై మూడేళ్ళ కాపురంలో ఈ చేప దగ్గర తప్ప ఎక్కడా గొడవ పడలేదని ఆమె అంటుంది, నేను నమ్మను. ఆయన పోయాక కూడా ఆమె చక్కెర చేపే చేయిస్తోంది. పొయ్యి ఆమె వెలిగించాలి, వండటం నేను. యూదులు కానివాళ్ళు అంతా తామే వండితే తినకూడదని నియమం, కాబట్టి నిప్పు ఆమెది. ఆ వేలు వణుకుతూ మీట తిప్పుతుంటే చూడటం నాకిష్టం. ఈసారి నాలుగు చెంచాల చక్కెరకు బదులు ఒకటే వేసి, ఉల్లిపాయలు బాగా మగ్గించి ఆ తీపితో సర్దాను. ఆమె కనిపెట్టింది. ఏమీ అనలేదు, ఉప్పు డబ్బా తన ముందుకు లాక్కుంది. మా నాన్నమ్మ చేపల పులుసు దించే ముందు చిటికెడు బెల్లం వేసేదని ఇప్పుడు గుర్తొచ్చింది. అది వేరు. అంటే, వేరే అనుకుంటాను.

అసలు కోపం చేప మీద కాదు, ఖల్లా మీద కాదు. పోయిన ఏడు కిప్పూర్ మీద, అంటే యూదులు ప్రాయశ్చిత్తంగా ఉపవాసం ఉండే రోజు మీద.

2024లో యోమ్ కిప్పూర్ అక్టోబర్ 12న వచ్చింది. మనకు ఆ రోజే దసరా. ఇంటి దగ్గర అందరూ పాలపిట్టను చూడటానికి, జమ్మి తేవడానికి బయలుదేరే వేళకు నేను ఇక్కడ కిటికీ దగ్గర నిలబడి ఖాళీ రోడ్డు చూస్తున్నాను. ఆ రోజు ఈ దేశంలో కార్లు తిరగవు. పెద్ద రోడ్ల మీద పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, అంతే. రేడియో మాత్రం ఆన్‌లో వదిలేశాం. యుద్ధం రోజులు కదా, సైరన్ ఉంటే తప్ప నోరు విప్పని స్టేషన్ ఒకటి ఉంది, అది.

ఉపవాసం వద్దని డాక్టరు చెప్పాడు. డాక్టరు తినమంటే తినాల్సిందేనని, ప్రాణానికి మించిన ఉపవాసం లేదని రబ్బీ (వాళ్ళ మతగురువు) చెప్పాడు. చెప్పడమే కాదు, కాగితం మీద రాసి ఇచ్చాడు, ఫ్రిజ్‌కు అయస్కాంతంతో అంటించాం. కొంచెం కొంచెంగా తినాలి: ఒక్కో విడతకు 30 మిల్లీలీటర్లకు లోపు, తొమ్మిది నిమిషాలకు ఒకసారి. సుగర్ 70 కంటే కిందకు పడితే కొలతలు లేవు, వెంటనే తినేయాలి. పొద్దున నేను దగ్గు మందు మూతతో కొలిచి పెడుతుంటే సఫ్తా చిన్నపిల్లలా నోరు తెరిచింది. మధ్యాహ్నం ప్రార్థన పుస్తకం పట్టుకున్నాక "చాలు" అంది. బతిమాలాను. "చాలు."

నాలుగున్నరకు నా ఫోను కీచుమంది. 61.

సూర్యాస్తమయానికి ఇంకా దాదాపు రెండు గంటలు. ద్రాక్షరసం అర గ్లాసు పోశాను, అందులో పదిహేను గ్రాముల చక్కెర ఉంటుంది, సరిగ్గా కావలసినంత. ఆమె తల తిప్పేసుకుంది. చివరి ప్రార్థన, నీలా, అయ్యేదాకా ఆగుతానంది. మాట తడబడుతోంది, పై పెదవి మీద చెమట. పెద్దమ్మాయికి ఫోను చేశాను. ఆపి ఉంది. ఆ రోజు ఆపే ఉంటుందని నాకు తెలుసు, అయినా మూడుసార్లు చేశాను. సఫ్తా చిన్న కొడుకుది కూడా అంతే. అంబులెన్స్ నంబరు 101, చేయి దాని మీదే ఉంది. చదువుకున్న దానిని కాదు, ఆమె మతం నాది కాదు, పవిత్రమైన రోజున ముసలామె నోట్లో బలవంతంగా రసం పోసిన పనిమనిషినవుతాను, పోయకపోతే ఏమవుతానో తెలియదు. అప్పుడు ఫ్రిజ్ మీది కాగితం ఊడబీకి, ఆమె కళ్ళద్దాలు ఆమె ముక్కు మీద పెట్టి, కాగితం ఎదురుగా పట్టుకున్నాను. నాకు ఆ రాత చదవడం రాదు. ఆమె చదివింది. చాలా సేపు చదివింది. గ్లాసు తీసుకుని తాగేసింది.

పావుగంటకు 84. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పెద్దమ్మాయి మర్నాడు వచ్చి గీత చూసి "61 అయిందే, బాగానే చూశావు" అంది. అంతే. అదీ అసలు సంగతి. ఆ 61 ఒక్క ముక్కలో పోయింది, ఈ 248కి సంజాయిషీ కావాలి.

ఇక్కడి దాకా రాసి లేచి నీళ్ళు తాగి వచ్చాను. ఇంకో సంగతి దాచి పెట్టి రాస్తున్నానని ఫ్రిజ్ తెరిచినప్పుడు తెలిసింది.

రెండో రాత్రి కొత్త పండు తినాలి. ఆ ఏడు ఇంకా నోట పెట్టని పండు ఏదైనా సరే, దాని మీద ఆశీర్వాదం చదువుతారు. చాలా ఇళ్ళల్లో దానిమ్మ. సోమవారం పొద్దున సఫ్తా చెప్పిన కొట్లో, పండ్లకు కూడా మత నియమం ప్రకారం దశమభాగం తీసినట్టు ముద్ర ఉండే ఆ కొట్లోనే, దానిమ్మ కోసం వెళ్ళి, పక్క బుట్టలో అనోనా చూశాను. సీతాఫలం. మన దానికంటే పెద్దది, గింజలు తక్కువ, కాని వాసన అదే. బతుకమ్మ ఆదివారమే మొదలైంది. మా ఊళ్ళో ఇప్పుడు గుట్ట మీది సీతాఫలాలు గంపల్లో వస్తుంటాయి. ఖరీదు చూసి కూడా కొన్నాను. సఫ్తా కోసమని చెప్పుకున్నాను.

నిన్న రాత్రి ఇద్దరం దాన్ని చెరి సగం చేసుకున్నాం. ఆమె ఆశీర్వాదం చదివి, చెంచా పక్కన పెట్టి, నేను తిన్నట్టే చేత్తో తిని, గింజలు అరచేతిలోకి ఊసింది. "మోతెక్, ఇది మీ ఊరి పండా?" అంది. (మోతెక్ అంటే తీపి. ఆమె నన్ను పిలిచేదే అలా. తీపి తినకూడదు గాని పిలవవచ్చు.) ఇంకొంచెం అడిగితే పెట్టాను. కొలవలేదు. అన్నీ కొలిచే నేను అది ఒక్కటే కొలవలేదు.

కాబట్టి 248 నాదే. పెద్దమ్మాయి అడిగింది సరైన అంకె గురించే. మంచిది, ఒప్పుకున్నాను. కాని ఆమెకు సీతాఫలం సంగతి తెలియదు కదా, తెలియకుండానే నన్ను అడిగింది. 261కి సంజాయిషీ చెప్పాల్సిన వాళ్ళు ఎనిమిది మంది ఉన్నారు కాబట్టి ఎవరూ చెప్పనక్కరలేదు, 248కి నేను ఒక్కదాన్నే. లేదు, ఇంకా కోపంగానే ఉంది.

ఇవాళ పొద్దున అమ్మకు నేను చేసిన ఫోను గుర్తొస్తోంది. మొదటి మాట ఏమిటి? "పరగడుపున ఎంత ఉంది?" అమ్మ 190 అంది. "సద్దులకు మలీద చేస్తావు కదా, నువ్వు ముట్టకు, వాసన కూడా చూడకు" అన్నాను. అమ్మ "ముట్టను బిడ్డా" అని, బతుకమ్మకు తంగేడు దొరకడం లేదని ఏదో చెప్పబోయింది. నేను మళ్ళీ 190 దగ్గరికే వచ్చాను.

పెద్దమ్మాయి రెండు వీధుల అవతల ఉంటుంది. నేను నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి అడుగుతున్నాను. ఆ లెక్కన నాది ఇంకా అన్యాయం. రేపు అమ్మకు ఫోను చేసి ముందు తంగేడు సంగతి అడగాలి. తరువాత 190.

వచ్చే గురువారం మళ్ళీ కిప్పూర్, ఈసారి కూడా దసరా రోజే, అక్టోబర్ 2. సఫ్తా అప్పుడే బేరం మొదలు పెట్టింది, పోయిన ఏడు తాగిన రసం ఈ ఏటికి కూడా చెల్లుతుందట. రబ్బీ దగ్గర కొత్త కాగితం తెచ్చుకోవాలి, పాతదాని మీద ద్రాక్షరసం మరకలున్నాయి. ఈసారి పెద్ద అక్షరాలతో రాయమనాలి.

సెన్సర్ ఇప్పుడు 139 అంటోంది. సఫ్తా గురక ఇక్కడి దాకా వినిపిస్తోంది. ఫ్రిజ్‌లో నిన్న దాచిన రెండో సీతాఫలం ఉంది, బాగా మెత్తబడింది. పొద్దున ఆమె లేవకముందే దాన్ని నేను తినేయాలి.