అర్ధవృత్తం, మూడోసారి: రంగు మళ్ళీ పాకింది

బొమ్మలో రంగు అంచు దాటకుండా అంటించిన టేప్ లాగేశాను. ఎడమ పక్క మళ్ళీ పాకింది. ఈసారి కోపం కూడా రాలేదు, నవ్వొచ్చింది.

6 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు కాన్వాస్. నారింజ మీద 70 సెంటీమీటర్ల వ్యాసార్థంతో నీలం అర్ధవృత్తం. నిలువు గీతలు, అడ్డ గీతలు మొదటిసారికే కత్తితో కోసినట్టు వచ్చాయి. దారంతో గీస్తే సాగిపోతోందని రీపరు చెక్కకి రెండు చిల్లులు పెట్టి గీశాను, వంపు కూడా చక్కగా కుదిరింది. తంటా అంతా ఎడమ కింది భాగంలోనే, కొలిస్తే 38 సెంటీమీటర్ల పొడవు. అక్కడ నీలం 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా టేప్ కిందికి దూరి దువ్వెన పళ్ళలా తేలుతోంది. దూరం నుంచి ఎవరికి కనిపిస్తుందిలే అనుకున్నా. నారింజ పక్కన నీలం కదా, గది అవతల నిలబడినా అంచు వణుకుతూనే ఉంది.

మొదట టేప్‌ని అనుమానించాను. మామూలు కాగితం టేప్ వంపు తిప్పితే లోపలి అంచు ముడతలు పడుతుంది. కార్లకి రంగు వేసేవాళ్ళ దగ్గర చూసి 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ టేప్ తెచ్చాను. పాములా వంగింది, పాకడం మాత్రం ఆగలేదు. గోడలకి రంగు వేసేటప్పుడు అంటించే ఫ్రాగ్‌టేప్ అనే టేప్ ఉంది, దాని అంచులోని పదార్థం రంగులో నీరు తగలగానే ఉబ్బి దారి మూసేస్తుంది. గోడలకి దాన్ని మించింది లేదంటాను, వంపులకి మాత్రం పనికిరాదు.

రెండోసారి టేప్ అంచుకి మ్యాట్ మీడియం (రంగు కలపని అక్రిలిక్ ద్రవం) రాసి, 20 నిమిషాలు ఆరాక నీలం వేశాను. 38 కాస్తా 30 అయింది. మధ్యలో నారింజ అయిపోయి మళ్ళీ కలిపితే కొత్తది ముదిరింది. అక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగా కనిపిస్తుందని తెలిసీ తడి రంగుని ఆరిన రంగుతో పోల్చాను, బుద్ధి తక్కువై. మా అమ్మ వచ్చి చూసి, "ముగ్గు పెట్టేవాళ్ళు టేపులు అంటించుకుంటార్రా?" అని వెళ్ళిపోయింది.

మూడోసారికి ముందు ఎందుకో కాన్వాస్‌ని వేలితో తట్టి చూశాను. కుడి పక్క డప్పులా మోగింది. ఎడమ మూల అసలు పలకలేదు. అక్కడ బట్ట వదులుగా ఉంది, వెనక ఆనడానికి ఏమీ లేదు. టేప్‌ని కార్డుతో రుద్దినప్పుడల్లా బట్ట గుంటపడి, చెయ్యి తీయగానే లేస్తోంది, దాంతో టేప్ అంచు ఊడుతోంది. ఫ్రేమ్ వెనక అడ్డపట్టీ ఉన్న చోట మరక లేకపోవడం ఇన్నాళ్ళూ నా కంట పడలేదు! వెనక ప్లైవుడ్ ముక్క, దాని కింద పాత పుస్తకాలు దోపి రుద్దాను. 30 నుంచి 8కి దిగింది.

ఆ 8 సెంటీమీటర్లలో నేతలో ఒక లావు దారం ఉంది. గోరుతో రాస్తే తగులుతుంది. జెస్సో (రంగు వేసే ముందు కాన్వాస్‌కి పూసే తెల్లటి అడుగు పూత) ఇంకో రెండు పూతలు వేసి 400 నంబరు గరుకు కాగితంతో గీకితే పోతుందని నా ఊహ.

నీలం సంగతి: అల్ట్రామెరీన్ పల్చటిది, చిటికెడు తెలుపు కలపకపోతే కింద నారింజ తొంగిచూస్తుంది. గోల్డెన్ అనే రంగుల కంపెనీ వాళ్ళది రెండు పూతల్లో కప్పేసింది, ధర తలుచుకుంటేనే దడ.

చిత్రకారుడు జోసెఫ్ ఆల్బర్స్ ఈ గోలంతా పెట్టుకోలేదు. 1950 నుంచి చతురస్రం లోపల చతురస్రం వేస్తూ పోయాడు, గట్టి ఫైబర్ బోర్డు మీద, ట్యూబులోంచి తీసిన రంగుని కత్తితో పరుస్తూ. బోర్డు గుంటపడదు కదా. కానీ 6 అడుగుల బోర్డు మా మెట్లెక్కదు.

అందుకే ఇంకో చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా దారి చూస్తున్నాను. 1967లో ఆయన మొదలుపెట్టిన కోణమానిని (ప్రొట్రాక్టర్) చిత్రాల్లో రంగుల పట్టీల మధ్య సన్నగా ఖాళీ గీత వదిలేశాడు. రెండు రంగులు ఒకే అంచుని పంచుకోకపోతే పాకినా ఒక రంగు మీద ఇంకో రంగు పడదు. తర్వాతి దానికి 6 మిల్లీమీటర్ల ఖాళీ వదులుతా, టేప్ వెడల్పూ అంతే. వడ్రంగికి కొత్త ఫ్రేమ్ చెప్పాను, ఈసారి వెనక అడ్డపట్టీలు రెండు, మూలల్లో బట్టని బిగించే చెక్క చీలలు. ఈ 8 సెంటీమీటర్లని ఆదివారం సన్న బ్రష్‌తో చేత్తోనే సరిచేస్తా. అమ్మ ఊరెళ్ళాక.