టైగర్‌మిల్క్ రికార్డు: డబ్బు వెనక్కి రావడానికి పట్టిన 42 రోజులు

ఒరిజినల్ అనుకుని కొని మోసపోయిన రికార్డు డబ్బు నిన్న సాయంత్రం తిరిగొచ్చింది. 380 పౌండ్లు, పైసాతో సహా. మెసేజ్ చూపిస్తే మా వారు "హమ్మయ్య, ఈ రాత్రైనా నిద్రపో" అన్నారు. నిద్ర పట్టలేదు. అందుకే రాస్తున్నాను.

నేను స్కాట్లాండ్‌లోని గ్లాస్గోకి చదువుకోవడానికి వచ్చిన మొదటి చలికాలం, మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటి. ఇంటి మీద బెంగ. బైర్స్ రోడ్డులో ఒక చారిటీ షాపులో ఎర్ర అట్ట సీడీ 99 పెన్స్‌కి కొన్నాను. బెల్ అండ్ సెబాస్టియన్ అనే గ్లాస్గో బ్యాండు వాళ్ల రెండో ఆల్బమ్, 'ఇఫ్ యూ ఆర్ ఫీలింగ్ సినిస్టర్'. వాళ్ల గాయకుడు స్టువర్ట్ మర్డాక్ గొంతెత్తి పాడడు, పక్కన కూర్చుని మెల్లగా చెబుతున్నట్టు పాడతాడు. అతను ఏళ్ల తరబడి తీరని నీరసం జబ్బుతో మంచాన పడి, ఆ రోజుల్లోనే పాటలు కట్టడం మొదలుపెట్టాడని తర్వాత తెలిసింది. ఈ ఊళ్లోనే హిండ్‌ల్యాండ్ అనే పేటలో ఒక చర్చి హాలు చూసుకుంటూ దానిపైన గదిలోనే ఉండేవాడట. నేను రోజూ పనికి నడిచి వెళ్లేది ఆ పేటలోంచే. ఆ చలికాలం నన్ను నిలబెట్టింది ఆ పాటలే.

రికార్డులు పోగుచేయడం అలా మొదలైంది. 1997లో వచ్చిన మూడు ఈపీలూ (కొద్ది పాటలుండే చిన్న రికార్డులు) ఏడాదిన్నరలో దొరికాయి, ఆదివారాలు బారాస్ సంతలో కొన్ని, మోనోరైల్ అనే రికార్డుల షాపులో కొన్ని. 1999లో కాంబర్ శాండ్స్‌లో వాళ్లు జరిపిన బౌలీ వీకెండర్ అనే సంగీతోత్సవం టికెట్ ముక్క ఇల్లు ఖాళీ చేస్తున్న ఒక దంపతుల దగ్గర దొరికింది. ఇవేవీ కష్టం కాలేదు.

మిగిలింది మొదటి ఆల్బమ్ 'టైగర్‌మిల్క్'. గ్లాస్గోలో స్టో కాలేజీ అని ఉండేది. అక్కడ మ్యూజిక్ బిజినెస్ చదివే పిల్లలు ఎలక్ట్రిక్ హనీ అనే చిన్న రికార్డు కంపెనీ నడుపుతూ ఏటా ఒక రికార్డు తెచ్చేవారు. 1996లో వాళ్లు తెచ్చింది ఇదే. మూడు రోజుల్లో రికార్డు చేసి, వెయ్యే వెయ్యి ఎల్పీలు (పెద్ద రికార్డులు) అచ్చు వేశారు. బ్యాండుకి పేరొచ్చాక అవి దొరక్క జనం క్యాసెట్లలో కాపీ చేసుకుని విన్నారు. 1999లో జీప్‌స్టర్ కంపెనీ మళ్లీ విడుదల చేసింది. పాటలవే, స్నానాల తొట్టిలో అమ్మాయి, పులిబొమ్మ ఉన్న అట్టా అదే. తేడా రికార్డు మధ్యలో కంపెనీ పేరుండే లేబుల్‌లోనూ, ధరలోనూ.

ఒక సైట్లో "1996 ఒరిజినల్" అని కనిపించగానే చేతులు ఆగలేదు. ఫొటోలు రెండే, రెండూ అట్టవి. రికార్డు ఫొటో అడగలేదు, అక్కడే మోసపోయాను. పార్సిల్ విప్పి రికార్డు బయటికి లాగితే మధ్యలో జీప్‌స్టర్ అని ఉంది. కాళ్లలో సత్తువ పోయింది. అమ్మినవాడికి రాస్తే "పాటలవే కదా, వినండి" అని జవాబు. సైట్‌వాళ్లని అడిగితే, ఇది ఒరిజినల్ కాదని రికార్డుల వ్యాపారి ఎవరైనా లెటర్‌హెడ్ మీద రాసివ్వాలన్నారు. లేబుల్ మీద పేరు అంత స్పష్టంగా ఉన్నా సరే, కాగితం కావాలట.

శనివారం ఊళ్లో ఒక పెద్ద పాత రికార్డుల షాపుకి వెళ్లాను. కౌంటర్ దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. నేను రికార్డు సంచిలోంచి సగం తీశానో లేదో, కౌంటర్ మనిషి చేత్తో కూడా ముట్టుకోకుండా అందరికీ వినపడేలా అన్నాడు: "రీఇష్యూ, అంటే మళ్లీ విడుదలైంది, తెచ్చి ఒరిజినల్ అని అంటగట్టాలని వారానికొకరు వస్తారు. మేం కొనం."

అమ్మడానికి రాలేదు, మోసపోయాను, ఒక కాగితం రాసిస్తే చాలన్నాను. అతను నన్ను కిందినుంచి పైకి చూసి, "అసలు ఈ బ్యాండ్ ఎవరో మీకు తెలుసా? మూడు ఆల్బమ్‌ల పేర్లు చెప్పండి" అన్నాడు. వెనక ఎవరో నవ్వారు. మొహం భగ్గుమంది. మూడు కాదు, వరసగా అన్నీ చెప్పాను. ఈపీలు చెప్పాను. డ్రమ్ములు వాయించే రిచర్డ్ కోల్‌బర్న్ ఆ స్టో కాలేజీ కోర్సు విద్యార్థేనని చెప్పాను. 1999లో బ్రిటన్ సంగీత పురస్కారమైన బ్రిట్ అవార్డు వాళ్లకి ఏ విభాగంలో వచ్చిందో కూడా చెప్పాను. ఆ నవ్వినతను నోరు మూసుకున్నాడు. కౌంటర్ మనిషి మాత్రం "మేం లెటర్లు రాయం" అని తర్వాతి వాళ్లని పిలిచాడు.

బస్ స్టాప్‌లో కూర్చున్నాను. వాన. సంచీ తడవకుండా కోటు లోపల పెట్టుకున్నాను. పదేళ్లకి పైగా ఈ ఊళ్లో పన్ను కట్టి బతుకుతున్నాను, ఈ ఊరి పాటలు నాకు కంఠతా వచ్చు. నా రంగు చూసే ఆ ప్రశ్న అడిగాడని నా నమ్మకం. ఇష్టపడి వినేవాళ్లని పరీక్ష పెట్టి లోపలికి పంపే హక్కు ఏ దుకాణదారుకీ లేదు.

రెండు వారాలు మరో షాపు గడప తొక్కలేదు. తర్వాత మా వారు బలవంతం చేస్తే ఒక చిన్న షాపుకి వెళ్లాం. పెద్దాయన, డెబ్బై ఉంటాయి. రికార్డుని రెండు అరచేతుల అంచుల మధ్య పట్టుకుని దీపం కింద వాల్చాడు. చివరి పాట అయ్యాక లేబుల్ దాకా నున్నగా ఉండే చోటు మీద భూతద్దం పెట్టి నన్ను చూడమన్నాడు. వెంట్రుక మందాన చెక్కిన అక్షరాలు, అంకెలు. "ఇది వేలిముద్ర లాంటిది, అట్ట మార్చొచ్చు గానీ దీన్ని మార్చలేరు" అన్నాడు. ఐదు నిమిషాల్లో ఉత్తరం రాసి సంతకం పెట్టాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

ఉత్తరం పంపాక మిగతాదంతా సాఫీగా జరిగింది, రికార్డు ట్రాకింగ్ ఉన్న పోస్టులో వెనక్కి పంపాను, అంతే.

మీరూ కొనేవాళ్లయితే లేబుల్ రెండు వైపులా, ఆ చెక్కిన అక్షరాలూ ఫొటో తీసి పంపమనండి. ఎలక్ట్రిక్ హనీ అని కళ్లారా చూడకుండా రూపాయి కూడా కట్టొద్దు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి. సైట్ బయట డబ్బు పంపితే తగ్గిస్తానన్నాడంటే వాడు దొంగే. పెద్ద షాపులకి మాత్రం శనివారం వెళ్లకండి.

ఇవాళ పొద్దున మళ్లీ పెద్దాయన దగ్గరికి వెళ్లి స్వీట్లు ఇచ్చాను. ఒరిజినల్ వస్తే కబురు చేస్తానని పాత నోటుబుక్కు తీశాడు. ఆ పేజీలో అప్పటికే నాలుగు పేర్లున్నాయి. ఐదోది నాది. స్పెల్లింగ్ అడిగి, ఒక్కో అక్షరం పైకి చదువుతూ రాసుకున్నాడు.