నెట్ విజువల్ ఆర్ట్: అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్‌ను నేను చదివిన పద్ధతి

యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) విజువల్ ఆర్ట్‌కి ప్రిపేరయ్యే చాలామంది 1905–1920 మధ్య భాగం దగ్గరికి రాగానే బెదిరిపోతుంటారు. అన్ని ఇజమ్‌లూ (కళా ఉద్యమాలు) ఆ పదిహేనేళ్లలోనే ఉన్నాయాయె. నాకు మాత్రం సిలబస్ మొత్తంలో ప్రాణం ఈ భాగమే, గుర్తుపట్టే వస్తువు లేకుండా రంగులూ గీతలతోనే నడిచే అబ్‌స్ట్రాక్ట్ ఆర్ట్ పుట్టింది ఇక్కడే. ఈసారి రాసేవాళ్లకు పనికొస్తుందని నేనెలా చదివానో చెప్తున్నాను.

పేపర్ 2లో 100 ప్రశ్నలు, 200 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు. జతపరచడం, కాలక్రమంలో అమర్చడం, అసర్షన్-రీజన్ (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చి సరైనవో కాదో అడిగేవి) బాగా ఇస్తారు కాబట్టి పేర్లూ తేదీలూ బట్టీ పడితే సగం పనే అవుతుంది. బొమ్మలోంచి వస్తువును ఎవరు ఎందుకు తీసేశారో తెలియాలి. నోట్స్‌లో ఒక్కో చిత్రకారుడి పేరు కింద ఆ కారణాన్ని ఒకే వాక్యంలో రాసుకోండి.

డచ్ చిత్రకారుడు మాండ్రియన్‌తో మొదలుపెట్టండి, ఆయన దగ్గర మార్పు కంటికి కనబడుతుంది. ‘రెడ్ ట్రీ’ (1908–10), ‘గ్రే ట్రీ’ (1911), ‘బ్లాసమింగ్ యాపిల్ ట్రీ’ (1912) మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని తీరిగ్గా చూడండి. మొదటిదాంట్లో నీలం మీద ఎర్రటి కొమ్మలు మెలికలు తిరుగుతుంటాయి, చెట్టు ఇంకా చెట్టే. రెండోదాంట్లో రంగులు పోయి బూడిదవర్ణం మిగిలింది, కొమ్మకీ కొమ్మకీ మధ్యనున్న ఖాళీ కూడా కొమ్మంత బరువుగా కనిపిస్తుంది. మూడోది పేరు చూస్తే తప్ప చెట్టని పోల్చుకోలేం, అన్నీ వంపు గీతలే. ఈలోగా ఆయన క్యూబిజం (వస్తువును జ్యామితి ముక్కలుగా విడగొట్టి చూపే శైలి) చూశారు, పారిస్‌కు మకాం మార్చారు. తర్వాత ఆ వంపులు కూడా పోయాయి. 1917లో థియో వాన్ డూస్‌బర్గ్‌తో డి స్టైల్ ఉద్యమం, నిలువు గీతలు, అడ్డ గీతలు, మూడు ప్రాథమిక రంగులు. ఈ వరుస కళ్లలో నిలిస్తే నియో-ప్లాస్టిసిజం (మాండ్రియన్ తన ఈ పద్ధతికి పెట్టిన పేరు) నిర్వచనం విడిగా చదవక్కర్లేదు.

రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీది వేరే దారి. లా చదివిన మనిషి, 1896లో ముప్ఫయ్యేళ్ల వయసులో బొమ్మలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లారు. సంగీతం దేన్నీ అనుకరించకుండానే మనసును తాకుతుంది కదా, రంగు ఎందుకు తాకకూడదన్నది ఆయన పట్టుదల. చిత్రాలకు ‘కంపోజిషన్’, ‘ఇంప్రొవైజేషన్’ అని సంగీతం మాటలే పేర్లుగా పెట్టింది అందుకే. 1911లో జర్మన్ చిత్రకారుడు ఫ్రాంజ్ మార్క్‌తో కలిసి బ్లూ రైడర్ అనే చిత్రకారుల బృందం కట్టారు. ఒక్క జాగ్రత్త: ఆయన ‘తొలి అబ్‌స్ట్రాక్ట్ వాటర్‌కలర్’ మీద 1910 అని ఉంటుంది, అది 1913 నాటిదని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రెండు తేదీలూ గుర్తుంచుకుని ఆప్షన్లను బట్టి నిర్ణయించుకోండి.

మలేవిచ్ తన ‘బ్లాక్ స్క్వేర్’ (నల్ల చతురస్రం) చిత్రాన్ని 1915 డిసెంబర్‌లో పెట్రోగ్రాడ్‌లో ‘0,10’ ప్రదర్శనలో పెట్టారు. మనం ఈశాన్యం మూల దేవుడి పటం పెట్టుకున్నట్టు రష్యన్లు ఇంట్లో ఒక మూల, ఎత్తులో ఐకాన్ (క్రైస్తవ పవిత్ర చిత్రపటం) పెట్టుకుంటారు. ఆయన సరిగ్గా అలాంటి మూలలోనే ఆ నల్ల చతురస్రాన్ని వేలాడదీశారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సుప్రిమాటిజం (వస్తువుల్లేకుండా జ్యామితి ఆకారాలతోనే నడిచే మలేవిచ్ శైలి) మీద ఎలాంటి అసర్షన్-రీజన్ వచ్చినా తడబడరు. పెద్ద సైజు ఫొటో దొరికితే చూడండి, నలుపంతా పగుళ్లిచ్చి లోపలి రంగులు తొంగిచూస్తుంటాయి.

ఫ్రెంచ్ చిత్రకారుడు డెలోనే ఆర్ఫిజం (రంగులతోనే లయ తెచ్చే శైలి), చెక్ చిత్రకారుడు కుప్కా ‘అమోర్ఫా’ చిత్రం రెండూ 1912. అంతవరకు చాలు.

హిల్మా అఫ్ క్లింట్‌ను మాత్రం వదిలేయకండి. పాత గైడ్లలో ఆమె పేరే ఉండదు. ఈ స్వీడన్ చిత్రకారిణి 1906లోనే అబ్‌స్ట్రాక్ట్ చిత్రాలు మొదలుపెట్టారు. 1907 నాటి ‘ది టెన్ లార్జెస్ట్’ ఒక్కొక్కటీ మూడు మీటర్ల పైనే ఎత్తు. తను పోయాక 20 ఏళ్ల దాకా ఈ చిత్రాలు బయటపెట్టొద్దని చెప్పి వెళ్లారామె. 1986లో లాస్ ఏంజెలిస్ ప్రదర్శనతో గానీ ప్రపంచానికి తెలియలేదు. ఇది చదివిన రోజు నాకు చాలాసేపు మనసు బాగోలేదు. హిల్మా, కాండిన్‌స్కీ, మాండ్రియన్ ముగ్గురూ 1944లోనే కన్నుమూశారు, ముగ్గురి మీదా దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ అనే ఆధ్యాత్మిక సంస్థ) ప్రభావం ఉంది. ఆ సమాజం ప్రధాన కేంద్రం మన చెన్నై అడయార్‌లోనే ఉంది.

ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే వస్తుంది. తెలుగులో నోట్స్ రాసుకునేవాళ్లు పేర్ల స్పెల్లింగ్ పక్కనే రాసి పెట్టుకోండి.

ఇక 1922 డిసెంబర్ కలకత్తా ప్రదర్శన. కాండిన్‌స్కీ, క్లీ వంటి బౌహౌస్ (జర్మనీలోని కళా పాఠశాల) చిత్రకారుల పనులు అక్కడికి వచ్చాయి. దీన్ని పాశ్చాత్య కళ యూనిట్‌లో వదిలేయకుండా, ఆధునిక భారతీయ కళలో గగనేంద్రనాథ్ టాగూర్ క్యూబిస్ట్ చిత్రాలతో కలిపి చదవండి.