హెల్త్ డ్రింకులు దాచుకున్న జేమ్స్

సైలెంట్ హిల్ 2 అనే హారర్ వీడియో గేమ్ ముగింపుల గురించి రాస్తున్న. కథ మొత్తం బయటపెడత, ఇంకా ఆడనోళ్లు ఇక్కడే ఆగండి.

మా చిన్నమ్మ కొడుకు మొన్న ఆ గేమ్ పూర్తి చేసి హన్మకొండకు వచ్చిండు. వాడికి 'ఇన్ వాటర్' ముగింపు వచ్చింది. భార్య మేరీని తన చేతులతోనే చంపిన సంగతి ఒప్పుకున్నంక, మనం ఆడించే జేమ్స్ కారుతో సహా సరస్సుల పడి పోతడు. వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తున్నంతసేపు వాడిది ఒకటే అడుగుడు: "అక్కా, ఆ చిన్నపిల్ల లారాను తీసుకొని ఊరు దాటేది ఒకటి ఉందట, అచ్చం మేరీ లెక్కనే ఉండే మరియాతోని పోయేది ఇంకోటి ఉందట. అసలుది ఏది?"

అసలుది అని ఒకటుందని నేను అనుకోను. 2001ల ప్లేస్టేషన్ 2 కోసం కొనామీల టీమ్ సైలెంట్ చేసిన ఈ గేమ్, చివర్ల ఇది కావాల్నా అది కావాల్నా అని అడగదు. మొదటి నుంచి మనం జేమ్స్‌ను ఎట్ల నడుపుతున్నమో చూస్తుంటది. మేరీ ఫోటో, ఉత్తరం తీసి తీసి చూస్తే ఒక లెక్క. మరియాను విడవకుండ ఉంటే ఇంకో లెక్క. దారిల కలిసే ఏంజెలా ఇచ్చిన కత్తిని మళ్ల మళ్ల చూసినా, దెబ్బలు తగిలినంక ప్రాణం నింపే హెల్త్ డ్రింకు తాగకుండ తిరిగినా లెక్క నీళ్ల దిక్కు పోతది.

"హెల్త్ డ్రింకులు ఎన్ని మిగిలినయ్‌రా?" అని అడిగిన. మస్తుగ మిగిలినయట! ముందట పెద్ద రాక్షసి వస్తే పనికొస్తయని, ప్రాణం అడుగంటినా తాగలేదట. "పొదుపు చేసిన అక్కా, జేమ్స్‌ను చంపుదామని కాదు" అన్నడు. ఆ మాటల న్యాయం ఉంది. కానీ గేమ్‌కు మన మనసు కనపడదు, జేమ్స్ ఒళ్లే కనపడతది. గాయాన్ని పట్టించుకోని మనిషికి బతుకు మీద ఆశ లేదని అనుకుంటది. వాడిది పొదుపు, జేమ్స్‌ది విరక్తి, చేసిన పని మాత్రం ఒక్కటే. నాకు ఈ గేమ్ మీద ఇంత ప్రేమ అందుకే. వివరణ వీడియోలు చూసే ముందు, మనం ఎట్ల ఆడినమో గుర్తు చేసుకోవాలె.

అన్ని గేములకు ఇది పనికిరాదు. 2016ల ప్లేడెడ్ చేసిన ఇన్‌సైడ్ గేమ్‌ల, మనం ఆడించే పిల్లగాడు చివరికి కలిసిపోయిన మాంసపు ముద్ద కొండ వాలు మీద దొర్లి వెలుతురుల ఆగుతది. దాచిపెట్టిన ముగింపు ఒకటి వేరే ఉంది కానీ, మామూలు ముగింపు మనం ఎట్ల ఆడినా అంతే. అక్కడ ఆధారం వేరే. అంతకుముందే లోపల అదే కొండ వాలు నమూనా కనపడతది. తప్పించుకున్నదా, తప్పించుకునేటట్టు ఎవరన్న ముందే ఏర్పాటు చేసిన్రా అన్న అనుమానం అక్కడి నుంచే పుడతది.

మా ఇద్దరి మధ్య తెగని పంచాయితీ మరియా ముగింపు. కారు దగ్గర ఆమె దగ్గుతది, ఆ దగ్గు సంగతి చూసుకొమ్మంటడు జేమ్స్. మేరీ కూడా జబ్బుతోనే మంచం పట్టింది. జేమ్స్ మళ్ల అదే పని చేస్తడని మావాడి వాదన. నేను ఒప్పుకోను. ఈ ముగింపు రావాలంటే మరియాకు దెబ్బ తగలకుండ చూసుకోవాలె, ఆమె వెనుకబడితే ఆగాలె. అట్ల నడిచిన జేమ్స్‌కు జబ్బు మనిషిని చూసుకునే ఓపిక వచ్చిందనే నా నమ్మకం.

వాడు వినడు. "మేరీ ఫోటో కూడా తీసి చూడనోన్ని ఎట్ల నమ్ముతవ్ అక్కా?" అంటడు.