సెగా సీడీ బయోస్: ఫైల్ మంచిదే, పేరే ముంచింది

పాత గేమ్ కన్సోళ్ల ఆటలను కంప్యూటర్ మీద ఆడుదామని కూర్చున్నం. చాలా వాటికి కన్సోల్‌ను లేపే బయోస్ అనే ఫైల్ కావాలె. ప్లేస్టేషన్ మొదటి దెబ్బకే లేచింది. జీబీఏకి (గేమ్ బాయ్ అడ్వాన్స్) బయోస్ లేకున్నా ఎంజీబీఏ కోర్, అంటే ఆ కన్సోల్‌ను అనుకరించే ప్రోగ్రామ్, నడుస్తది. సీడీల మీది గేములు నడిపే సెగా సీడీ మాత్రం మూడు రోజులు సతాయించింది.

సెటప్ ఇది: పాత ల్యాప్‌టాప్, లైనక్స్, కోర్లను నడిపే రెట్రోఆర్క్, సెగా సీడీ కోసం జెనెసిస్ ప్లస్ జీఎక్స్ కోర్. గేమ్ నొక్కితే మళ్లీ మెనూకే వస్తున్నది. కోర్ ఇన్ఫర్మేషన్‌లో బయోస్ ఎదురుగా 'మిస్సింగ్'.

మొదటి అనుమానం డంప్ (కన్సోల్ నుంచి తీసిన బయోస్ కాపీ) మీద. సైజు చూస్తే 1,31,072 బైట్లు, అంటే సరిగ్గా 128 కేబీ. ఫైల్‌కి వేలిముద్ర లాంటి ఎండీ5 కూడా కలిసింది. రెండో అనుమానం ఫోల్డర్ మీద. రెట్రోఆర్క్‌ను ఫ్లాట్‌ప్యాక్‌గా (లైనక్స్‌లో విడిగా వచ్చే యాప్ ప్యాకేజీ) పెట్టుకుంటే, బయోస్‌లు ఉండే దాని సిస్టమ్ ఫోల్డర్ హోమ్‌లోని డాట్ వార్ కింద దాక్కుంటది, డాట్ కాన్ఫిగ్‌లో వేసిన ఫైళ్లు దానికి కనబడవు. అందుకే ఫ్లాట్‌ప్యాక్ కన్నా మన లైనక్స్‌తో వచ్చే డిస్ట్రో ప్యాకేజీయే నయం. కానీ ఇక్కడ ఫోల్డర్ కూడా సరైనదే.

అసలు తికమక పెట్టింది పెన్‌డ్రైవ్. హన్మకొండ చౌరస్తాలో కొన్న 32 జీబీది, ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్. సిస్టమ్ డైరెక్టరీని దాని మీదికి మళ్లిస్తే అవే ఫైళ్లతో గేమ్ నడిచింది! ల్యాప్‌టాప్ డిస్క్ మీదికి కాపీ చేస్తే మళ్లీ మిస్సింగ్. కాపీలో ఫైల్ చెడిందా అని రెండు చోట్లా ఎండీ5 తీస్తే తేడా లేదు.

ఫైళ్ల పేర్లు చూపే ఎల్ఎస్ కమాండ్ కొట్టి అక్షరం అక్షరం చూస్తే తెలిసింది. ప్లేస్టేషన్ కోసం ఫోల్డర్‌లోని పేర్లన్నిటినీ ఒక్క కమాండ్‌తో చిన్నక్షరాలు చేసినం. ప్లేస్టేషన్ బయోస్ ఎస్‌సీపీహెచ్5501కి అది సరిపోయింది. సెగా సీడీ కోర్ అడిగేది వేరు: 'బయోస్', 'బిన్' చిన్నక్షరాలు, మధ్యల 'సీడీ', దాని తర్వాతి 'యూ' పెద్దక్షరాలు. పెన్‌డ్రైవ్‌లోని ఎక్స్‌ఫ్యాట్‌కి చిన్నా పెద్దా తేడా లేదు, ల్యాప్‌టాప్ డిస్క్ మీది ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌కి ఉంది. ఆ మూడు అక్షరాలు మార్చంగనే బూట్ స్క్రీన్ వచ్చింది! ఇట్ల మూకుమ్మడిగా పేర్లు మార్చే స్క్రిప్టులు బయోస్ ఫోల్డర్ దరిదాపులకు రానియ్యొద్దు.

'యూ' ఉన్నది అమెరికా ఫైల్. యూరప్ డిస్కులకు దాని బదులు 'ఈ', జపాన్ వాటికి 'జే' ఉన్న ఫైళ్లు వేరే కావాలె. అమెరికా ఫైల్ ఒక్కటే పెట్టి అన్నీ ఆడదామంటే కుదరదు. నియో జియో కన్సోల్ బయోస్ జిప్‌ను మాత్రం విప్పకుండా అట్లనే ఉంచాలె.

తర్వాత సెగాదే ఇంకో కన్సోల్, డ్రీమ్‌క్యాస్ట్. ఫ్లైక్యాస్ట్ కోర్‌కి సిస్టమ్ లోపల 'డీసీ' అనే ఫోల్డర్ వేరే ఉండాలె, బూట్ ఫైల్ 2 ఎంబీ. ఆ ఫోల్డర్ పేరు చిన్నక్షరాలే. ఈసారి ముందు ఎల్ఎస్, తర్వాతే గేమ్.