తొడిమలు, సబ్బు, 1098

మిర్చి సీజన్‌లో గుంటూరు పిల్లలకి చేతులు కడుక్కునే పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. మా మూడో తరగతిలో చాలామంది అమ్మలు తొడిమలు తీసే పనికి వెళ్తారు. నేను సబ్బు, గోళ్ళ సందులు అంటూ మొదలుపెట్టానో లేదో, వెనక నుంచి ఓ పిల్ల లేచింది. "అట్టా పోదు టీచర్! ముందు కొబ్బరినూనె రాయాల, ఆనక సబ్బు." నిజమే. మిరప ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. బోర్డు మీద ఆ పిల్ల చేతే రాయించా. కళ్ళు నలుపుకుంటే ఎలా ఉంటుందో నటించి చూపించడానికి మాత్రం క్లాసు సగం పోటీపడింది.

అసలు కష్టం మంచి స్పర్శ, చెడు స్పర్శ దగ్గర. "ఈ వయసులో ఇవన్నీ ఎందుకు మేడమ్" అనేవాళ్ళు ఉన్నారు. ఈ వయసులోనే కావాలి. లైంగిక వేధింపుల నుంచి పిల్లల్ని కాపాడే 2012 నాటి పోక్సో చట్టం 18 ఏళ్ళలోపు పిల్లలందరిదీ, మగపిల్లలది కూడా. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ఎక్కాల్లా వల్లె వేయించా.

"చేసింది చుట్టాలైనా చెప్పొచ్చా టీచర్?"

"ఎవరైనా సరే నాన్నా."

"ఫోన్ లేకపోతే?"

దానికి పుస్తకంలో జవాబు లేదు. నమ్మకంగా చెప్పుకోగల ఇద్దరు పెద్దవాళ్ళ పేర్లు నోట్సు వెనక రాయమన్నా. అమ్మమ్మలే ఎక్కువ. ఒకడు బడిలో వండే ఆయమ్మ పేరు రాశాడు. మధ్యాహ్నం ఆ సంగతి చెప్తే ఆవిడ ముందు నవ్వి, తర్వాత "ఏమన్నా చెప్తే నేనెవరికి చెప్పాలండీ?" అని అడిగి 1098 చేతి మీద రాయించుకుంది.