కన్నం ఎక్కడుందో తెలిసేసరికి

నిన్న సాయంత్రం చివరి మేకు కొట్టేశాం. ఈ పొద్దున గూడు తలుపు తీసి లెక్కపెట్టుకుంటే తొమ్మిది పెట్టలు, రెండు పుంజులు. మొదలుపెట్టినప్పుడు పెట్టలు పద్నాలుగు.

మాది రాజోలు దగ్గర పల్లె. ఆయన కువైట్‌లో ఉంటారు. ఇక్కడ నేను, అత్తయ్య, పిల్లలిద్దరూ. పెరట్లో కొబ్బరి డొక్కలు వేసుకునే పాత ఇటుక గది ఉంటే దాన్నే కోళ్ల గూడు చేశాను. దాని ముందు సరుగుడు రాటలు పాతి, పగలు తిరగడానికి చుట్టూ జాలీ కట్టించాను. రాటల పని ఒక్క పూటలో అయిపోయింది.

జాలీ మాత్రం రెండుసార్లు కొన్నాను. మొదట షాపులో ఆరుకోణాల కన్నాల చుట్ట చేతిలో పెట్టి, "కోళ్లకి అందరూ పట్టుకెళ్లేది ఇదేనమ్మా" అన్నాడు. అది కోడిని లోపల ఉంచుతుందంతే, బయటి జంతువుని ఆపదు. కుక్క పళ్లతో పట్టి లాగితే తీగ విడిపోతుంది, సన్నటి పాము దాని కన్నాల్లోంచి దూరిపోతుంది. అడగాల్సింది అర అంగుళం కన్నాల వెల్డ్ మెష్, అంటే తీగలు ఒకదానికొకటి అతికించి ఉండే గట్టి జాలీ. వాపసు తీసుకోమంటే కోసిన సరుకు తీసుకోనన్నాడు. ఆ షాపు గుమ్మం మళ్లీ తొక్కలేదు, తొక్కను కూడా.

అడుగు భాగం బాగా కుదిరింది. మే నెలలో, కాలువలు కట్టేసి నేల నెర్రెలు విచ్చి ఉన్నప్పుడే చుట్టూ తవ్వించాను. కాలువలు వదిలాక మా బంకమట్టిలో అడుగు లోతు తవ్వితే నీళ్లే. జాలీని అడుగు లోతుకి దించి, అక్కడి నుంచి ఇంకో అడుగు బయటికి పరిచి, ఇటుక ముక్కలతో పూడ్చాం. పందికొక్కు ఎక్కువగా గోడ పక్కనే తవ్వుతుంది. జాలీ తగిలితే వెనక్కి జరిగి తవ్వాలని దానికి తట్టదు. కాకులకీ గద్దలకీ అంతర్వేది నుంచి తెప్పించిన పాత చేపల వల పైన కప్పాం. గుడ్లు సాయంత్రానికల్లా తీసేసేదాన్ని. నూకలు ఒక్క గింజ కింద మిగలనిచ్చేదాన్ని కాదు, ఎలుక వస్తే దాని వెనక పాము వస్తుందని.

ఇంత చేశాక జులై ఆఖర్లో ఒక పెట్ట మాయమైంది. గొళ్లెం వేసింది వేసినట్టే ఉంది. మర్నాడు రెండు. ఒకటి గూట్లోనే పడి ఉంది, మెడ దగ్గర కొరికి, రొమ్ము తినేసి. రెండోదాని ఈకలు కొబ్బరి చెట్టు మొదట్లో ఉన్నాయి. నేను అక్కడ నిలబడి ఉండగానే పక్కింటి పిన్నిగారి కుక్క నోట్లో రెక్క కరుచుకుని కంచె పక్క నుంచి పోయింది.

ఇంకేం చూడాలి అనుకున్నాను. తలుపు కింద నాలుగు వేళ్ల సందు ఉంది, అందులోంచే దూరిందని తీర్మానించేశాను. అంత పెద్ద కుక్క ఆ సందులో ఎలా పడుతుందని నన్ను నేను ప్రశ్నించుకోలేదు. కుళాయి దగ్గర నలుగురు బిందెలు పట్టుకుని నిలబడి ఉండగా పిన్నిగారిని అడగరానివన్నీ అడిగాను. మూడు పెట్టలకి పదిహేను వందలు ఇవ్వమన్నాను. ఆవిడ ఎదురు మాట్లాడలేదు. ఒంటరి మనిషి. ముందురోజే ఒకటో తారీఖు పింఛను నాలుగు వేలు వచ్చింది. కొంగు ముడి విప్పి, మూడు అయిదొందల కాగితాలు నా చేతిలో పెట్టి, ఆ పూటే కుక్కని గొలుసుతో కట్టేశారు.

నాలుగు రోజుల తర్వాత ఇంకో రెండు పెట్టలు పోయాయి. కుక్క కట్టేసే ఉంది, రాత్రంతా అది ఏడుస్తుంటే నేను విన్నాను కూడా. అయినా పొద్దున్నే వెళ్లి, "రాత్రిపూట విప్పేస్తున్నారా పిన్నిగారూ?" అన్నాను. ఆవిడ నా మొహం చూసి లోపలికి వెళ్లిపోయారు.

అప్పుడు అత్తయ్య, "అమ్మాయ్, అరుపులు ఆపి పొయ్యిలో బూడిద జల్లించి చల్లు" అన్నారు. గూడు చుట్టూ, లోపల గోడ వెంట చల్లాం. తెల్లారి చూస్తే బయట గీత కూడా లేదు. గూట్లో గోడ మూల మాత్రం అడుగులు అచ్చు గుద్దినట్టున్నాయి. ఒక్కోదానికి అయిదు వేళ్లు. కుక్క అడుగులో నాలుగే పడతాయి. పెద్దాడు మేమిద్దరం చూస్తుండగా ఆ అడుగుల పక్కనే కుక్క అడుగు పుల్లతో గీసి చూపించాడు. నేలమీద రాకుండా గూట్లోకి ఎలా దిగిందని తల పైకెత్తితే, గోడకీ రేకుకీ మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ. దాని మీదకే ఒక కొబ్బరి మట్ట వాలి ఉంది.

ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పన్నెండు దాటాక మట్ట కదిలింది. పొడుగు తోక, బూడిద రంగు ఒళ్లు, మొహం మీద నల్ల మచ్చలు. మానుపిల్లి. లైటు వేస్తే తొందర పడకుండా చెట్టెక్కిపోయింది.

ఉచ్చు వేద్దామన్నారు కొందరు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని పట్టడం, చంపడం నేరం. అత్తయ్య అయితే, తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామికి పూసే తైలం పునుగుపిల్లిదే, ఇదీ ఆ జాతిదే, ముట్టుకోవద్దు అన్నారు. ఒక ఆఫీసుకి ఫోన్ చేస్తే బోను లేదు, మీ జాగ్రత్త మీరు చూసుకోండి అన్నారు. సరే, చూసుకున్నాం. రేకు కింద ఖాళీ చుట్టూ వెల్డ్ మెష్ మడిచి, పట్టీలు పెట్టి మేకులు కొట్టించాను. రేకుకి తగిలే మట్టలు నరికించాను. ఎలుకలు ఎక్కకుండా కొబ్బరి రైతులు చేసినట్టే చెట్టుకి నిలువెత్తు పైన మూరెడు వెడల్పు జింకు రేకు చుట్టించాను. తలుపు కింద సందుకి చెక్క కొట్టించి, గొళ్లేనికి తీగ మెలిపెట్టాను. మీరు గూడు కడుతుంటే చీకటి పడ్డాక లోపల ఒక లైటు వెలిగించి బయట చుట్టూ తిరగండి. వెలుతురు ఎక్కడెక్కడ బయటికి వస్తుందో అవన్నీ మూయాలి. ఇది నాకు మేలో ఎవరైనా చెప్పుంటే అయిదు పెట్టలు బతికేవి.

మానుపిల్లిని చూసిన మర్నాడు పొద్దున్నే పదిహేను వందలు పట్టుకుని పిన్నిగారింటికి వెళ్లాను. అరుగు మీద కుక్క పడుకుని ఉంది. గొలుసు ఒరుసుకుని మెడ కింద బొచ్చు ఊడి, ఎర్రటి పుండు, దాని మీద పసుపు రాసి ఉంది. నన్ను చూసి తోక కూడా ఆడించలేదు. తప్పు నాదే పిన్నిగారూ అన్నాను. ఇంకా ఏవో చెప్దామనుకున్నాను గానీ నోట్లోంచి రాలేదు. ఆవిడ డబ్బు తీసుకుని లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకున్నారు. "కుళాయి దగ్గర కూడా చెప్పమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం నీళ్లు వచ్చే వేళకి బిందె లేకుండా వెళ్లి, అందరి ముందూ చెప్పాను. పిన్నిగారు అప్పుడు అక్కడే ఉన్నారు. బిందె నిండగానే ఎత్తుకుని వెళ్లిపోయారు. వాళ్ల అరుగు దగ్గర గొలుసు తీసిన చప్పుడు నాకు వినిపించింది.